సిమెంటు కట్టూ, 33 రోజుల హోటల్ తిండీ

ముందే చెప్తున్నా, హోటల్ పేరు రాయను. రెండు కారణాలు. ఇందులో కొన్ని తిట్లున్నాయి. అవి వాళ్ళ ముఖం మీదే అనేశాను, మళ్ళీ ఊరంతా చాటక్కర్లేదు. రెండోది నా స్వార్థం. ఆదివారం రాత్రి టేబుల్ దొరక్క ఇప్పటికే వాళ్ళ మెట్ల మీద కూర్చుంటున్నాం. బ్రాడీపేట వాళ్ళకి నేను ఏ హోటల్ గురించి చెప్తున్నానో నాలుగో పేరాకల్లా తెలిసిపోతుంది. గుంటూరు రాని వాళ్ళకి ఒక్క మాట. మా పేటలో అడ్రసు భిన్నంలో చెప్తారు. నాలుగు బై ఏడు అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. లెక్కల టీచర్ని కదా, ఈ ఊళ్ళో నాకు బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి. హోటల్ మా ఇంటి లైన్లోనే, రెండు అడ్డరోడ్ల అవతల.

ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన, ఇంటర్ రెండో ఏడుకొచ్చిన మా అబ్బాయి, 78 ఏళ్ళ మా అత్తగారు. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. వేసవిలో యార్డుకీ సెలవులే, నాకూ బడి సెలవులే. సరిగ్గా అప్పుడు, మే నెల మధ్యలో, పెరట్లో పంపు దగ్గర నాచు మీద కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు సిమెంటు కట్టు అన్నారు డాక్టరు గారు. ఆరు ఏడులు 42 రోజులు. మా ఆయనకి వచ్చిన వంటలు రెండు, కాఫీ, కుక్కర్లో అన్నం. కాఫీ బాగా పెడతారు.

ఆవకాయ రోజుల్లో చెయ్యి విరగడం ఎలాంటిదో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా చెల్లెలు తెనాలి నుంచి వచ్చి తొమ్మిది రోజులుండి, ఆవకాయ పెట్టి, నాలుగు పూటలకి సరిపడా కూరలు ఫ్రిజ్‌లో సర్ది వెళ్ళింది. మిగతా 33 రోజులూ మా ఇంటి వంటగది అంటే ఈ హోటలే.

అంతకుముందు మేం హోటల్‌కి వెళ్ళేది నెలకోసారి, జీతాలొచ్చిన వారం, ఆదివారం రాత్రి. అలా వెళ్ళి తిన్నవాళ్ళకి హోటల్ గురించి ఏం తెలుస్తుంది? ఆకలి మీద వెళ్తాం, మంచి బట్టలేసుకుంటాం, ఏది పెట్టినా బాగుందనుకుంటూ లేస్తాం. నేనూ అలాగే చుట్టాలందరికీ 'బాగుంటుంది' అని చెప్పేదాన్ని. వరసగా ఇరవయ్యో రోజు పొద్దున అదే ఇడ్లీ, అదే చట్నీ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నప్పుడు గానీ వంటవాడి చెయ్యి తెలీదు. అందుకని నెలకోసారి తిన్న మొదటి నాలుగేళ్ళూ లెక్కలోంచి తీసేసి, ఈ 33 రోజుల గురించే రాస్తున్నాను.

అసలు పరీక్ష పెట్టింది నేను కాదు, మా అత్తగారు. ఆవిడ బయట తిండి ముట్టని మనిషి. తిరుపతి వెళ్ళినా పులిహోర, దిబ్బరొట్టె మూట కట్టుకుని రైలెక్కేది. మొదటి రోజు ఇడ్లీ తెస్తే వెంటనే తినలేదు. మధ్యకి విరిచి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూసి, వాసన చూసి, "సోడా వెయ్యలేదే అమ్మాయ్" అంది. గొంతులో కాస్త నిరాశ. ఆవిడ లెక్క ప్రకారం సోడా పడిన ఇడ్లీ పైకి ఉబ్బి ఉంటుంది, లోపల పెద్ద పెద్ద చిల్లులుంటాయి, తిన్న గంటకి దాహం మొదలవుతుంది. ఇవేమీ కనపడలేదు. రెండు ఇడ్లీలు తిని, దాహం వేస్తుందేమోనని పదకొండింటి దాకా ఎదురుచూసింది కూడా.

అయితే ఇడ్లీ పొద్దున్నే తినాలి. వేసవిలో మా ఊళ్ళో పిండి ఎంత తొందరగా పులుస్తుందో తెలిసిందే. ఇంట్లో మనం రాత్రి తొమ్మిదింటికి రుబ్బితే తెల్లారేసరికి గిన్నె మూత ఎత్తేస్తుంది. హోటల్లో పొద్దుటి పిండే సాయంత్రం దాకా నడిపిస్తారు. ఆరింటికి తెచ్చిన ఇడ్లీ పులిసిపోయి ఉందని రెండుసార్లు చెప్పాం. మూడోసారి అడగడం మానేసి, సాయంత్రాలు చపాతీకి మారాం. ఆ చపాతీలు పర్లేదు. వాటితో ఇచ్చే కుర్మా మాత్రం నూనెలో ఈదుతుంటుంది, మేం చపాతీకి ఇంట్లో ఆవకాయే నంజుకున్నాం.

నెయ్యి కారం ఇడ్లీ మాత్రం మానొద్దు. ప్లేటు 70 రూపాయలు, మూడొస్తాయి. వేడి ఇడ్లీ మీద గరిటెడు కారప్పొడి చల్లి, పైన నెయ్యి పోసి, అట్లకాడతో ఒకసారి నొక్కి ఇస్తారు. ఆ నొక్కడంలో నెయ్యి లోపలికి దిగుతుంది. మా ఆయన దీని మీద పరిశోధన చేశారు. యార్డులో ముప్పై ఏళ్ళుగా ఘాటు పీలుస్తున్న మనిషికి కారం రుచి చూడక్కర్లేదు, పొడి కొంచెం వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు. "ఇది తేజ కాదు. తేజ అయితే గొంతు పట్టేసేది. సన్నం, 334" అన్నారు. అవన్నీ మిర్చి రకాల పేర్లు. వెల్లుల్లి, మినపప్పు, ధనియాలు, జీలకర్ర, చింతపండు, అన్నీ దంచినట్టే ఉంటాయి, మెత్తని పొడిలా ఉండదు, పంటి కింద పలుకు తగులుతుంది. 

నాలుగో వారంలో ఒకరోజు కారం ఎర్రగా ముద్దమందారంలా వచ్చింది, ఘాటు లేదు. మా ఆయన ప్లేటు పక్కకి జరిపి, "బ్యాడిగ మిర్చి కలిపాడు, రంగు కోసం" అన్నారు. నేను ఊరుకోమన్నా వినకుండా ఆ సాయంత్రం వెళ్ళి ఓనర్ని అడిగారు. ఆయన నవ్వేసి, "కొత్త సరుకు కాస్త ఘాటెక్కువొచ్చింది సార్, పిల్లలు ఏడుస్తున్నారని కలిపాం" అన్నాడట. ఆ నిజాయితీకి మా ఆయన పడిపోయారు. ఆ తర్వాత ఇద్దరూ అరగంట మిర్చి ధరలు మాట్లాడుకున్నారు, కట్టించుకున్న పార్సిల్ సంగతి మర్చిపోయి. ఆ రాత్రి చపాతీలు అప్పడాల్లా విరిగాయి.

పెసరట్టు ఉప్మా 90. పెసరపిండి నిలవుంచేది కాదు, పప్పు నానాక అప్పుడప్పుడు రుబ్బుకుంటేనే అట్టుకి ఆ పచ్చి వాసన, అంచు కరకర వస్తాయి. వీళ్ళు ఎనిమిదింటికి ఒకసారి, తొమ్మిదిన్నరకి ఒకసారి రుబ్బుతారు. ఎనిమిదింపావుకి వెళ్తే గ్రైండర్ చప్పుడు వినపడుతుంది, అదే లెక్క. అల్లం పచ్చడి గురించి ఇంకా చెప్పాలి. చాలా చోట్ల అల్లం పచ్చడి పేరుతో బెల్లం పానకం పోస్తారు. ఇక్కడ నోట్లో పెట్టుకుంటే ముందు పులుపు, ఆ వెంట అల్లం, ఆఖరున మిరపకాయ. తీపి ఉందో లేదో అనుమానం వస్తుంది, అంతే ఉండాలి. మా అత్తగారు దీన్ని మూడు రోజులు వరసగా తిని, నాలుగో రోజు నాతో, "చింతపండు ఉడకబెట్టి వేస్తున్నాడు, నీలా నానబెట్టి కాదు" అంది. ఇరవై ఒక్క ఏళ్ళ నుంచి నేను చేస్తున్నది తప్పని ఇలా తెలిసింది.

నా పరీక్ష వేరే ఉంది. ఏ హోటల్‌కి వెళ్ళినా మొదట వేసిన చట్నీ చూసి నిర్ణయించను, రెండోసారి అడిగినప్పుడు వేసే చట్నీ చూస్తాను. మొదటిసారి పల్లీ చట్నీ చిక్కగానే వస్తుంది ఎక్కడైనా. రెండోసారికి నీళ్ళు పడతాయి. ఇక్కడ తొమ్మిదింటి లోపు రెండోదీ, మూడోదీ ఒకేలా ఉన్నాయి. తొమ్మిదిన్నర దాటాక పలచబడింది, ఆదివారాలు ఎనిమిదింటికే పలచబడింది. గిన్నెలో పోసుకుని చూసి చెప్తున్నా, ఊరికే అనడం లేదు.

ఇక పార్సిళ్ళ సంగతి. మొదటి రోజు సాంబారు పొగలు కక్కుతుండగా పల్చటి కవర్లో పోసి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చారు. కవరు మెత్తబడి, సైకిల్ హ్యాండిల్‌కి తగిలించిన చోట మా అబ్బాయి మోకాలి మీద బొట్లు పడ్డాయి. కవరు మందం కొలిచే మైక్రాన్ల లెక్క నాకు తెలుసు. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా వాడకూడదు. మర్నాడు నేనే వెళ్ళి ఈ మాట అంటే కౌంటర్లో అబ్బాయి, "అందరూ తీసుకెళ్తున్నారు కదా మేడం" అన్నాడు. ఆ మాట వాడికి ఊతపదమని తర్వాత తెలిసింది. వాదించకుండా అటక మీంచి నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ దింపించాను. మా మామగారు 1994లో రిటైరైనప్పుడు ఆఫీసువాళ్ళు ఇచ్చినది. ప్రతి గిన్నె మీద, మూతల మీద చుక్కలు చుక్కలుగా ఆ సంవత్సరం చెక్కి ఉంటుంది.

క్యారియర్ తీసుకెళ్తే రెండు లాభాలు. ఐటెమ్‌కి పది రూపాయల ప్యాకింగ్ చార్జీ పోయింది. రెండోది ఇంకా పెద్దది. కవరుకి కొలత ఉంటుంది, గిన్నెకి మొహమాటం ఉంటుంది. సగం నింపిన గిన్నె చేతికివ్వడానికి ఎవరికీ మనసొప్పదు, ఇంకో గరిటె పోస్తారు. మా కాలనీలో ఇప్పుడు నలుగురు క్యారియర్లు దింపారు.

మధ్యాహ్నం ఫుల్ మీల్స్ పార్సిల్ 160, అక్కడ కూర్చుని తింటే 140. పార్సిల్‌లో వచ్చే కూరలు ఇద్దరికి సరిపోతాయి, అన్నం మనం వండుకుంటే. రెండు పార్సిళ్ళు తెచ్చుకున్నాం, నలుగురం తిన్నాం. పొద్దుటి టిఫిన్లు సగటున 240, మధ్యాహ్నం 320, కలిపి రోజుకి 560. ముప్పై మూడు రోజులకి 18,480 రూపాయలు. సాయంత్రం చపాతీలు, ఆదివారాలు అక్కడ తిన్నవి ఇందులో లేవు, వాటి బిల్లులు మా ఆయన జేబుల్లో ఉతుకులో పోయాయి.

మీల్స్‌లో పప్పు రోజుకో రకం, దోసకాయ, తోటకూర, మామిడికాయ, గోంగూర. పప్పు ఏ రోజూ చెడగొట్టలేదు. దొండకాయ వేపుడు బాగుంటుంది, బెండకాయ జిగురు పోదు. చారు సాంబారు కంటే మేలు. మిరియాలు దంచి వేస్తారు, మా అబ్బాయి గ్లాసులో పోసుకుని తాగేవాడు. సాంబారులో ముక్కలు వెతుక్కోవాలి. పెరుగు పన్నెండింటికి తియ్యగా, రెండింటికి పుల్లగా ఉంటుంది. మే నెలలో అది వాళ్ళ తప్పని అనను, పన్నెండింటికి వెళ్ళండి.

తిట్టాల్సిన రోజు పదిహేడోది. కొబ్బరి చట్నీ పాడైంది. పచ్చికొబ్బరి రుబ్బింది ఆ ఎండలో ఎంతసేపు నిలుస్తుంది? మా అత్తగారు నాలిక్కి తగిలించి ఉమ్మేసి, "ఎవరూ ముట్టకండర్రా" అంది. ఫోన్ చేస్తే కౌంటరబ్బాయి అదే పాట, "అందరూ తింటున్నారు మేడం, ఎవరూ అనలేదు." నాకు మండింది. ఒక చేతికి కట్టు, ఇంకో చేతిలో చట్నీ గిన్నె, ఎండలో రెండు అడ్డరోడ్లు నడిచి వెళ్ళాను. ఓనర్ గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. గిన్నె ఆయన ముందు పెట్టి ఏమీ అనలేదు. వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. ముఖం మారింది. లోపలికి కేకేసి, స్టీలు బకెట్లో ఉన్న చట్నీ అంతా పారబోయించాడు, నేను చూస్తుండగానే. డబ్బులు తిరిగిచ్చాడు, వద్దన్నా టిఫిన్లు మళ్ళీ కట్టించాడు. ఓనర్‌కి మార్కులు వేస్తాను. కానీ అంతమంది తింటున్నప్పుడు అది నేను వెళ్ళి చెప్పేదాకా వంటగదిలో ఎవరి నాలుకకీ తెలియలేదా? ఆ కౌంటరబ్బాయి వారం రోజులు నాతో మాట్లాడలేదు. చిల్లర కూడా కౌంటర్ మీద పెట్టేవాడు, చేతికిచ్చేవాడు కాదు.

కూర్చుని తినడం గురించి. కట్టుతో మొదటి ఆదివారం వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. ఇంట్లో అయితే ఎడంచేత్తో ఎలాగో కానిస్తున్నాను. నలుగురి మధ్య ఎడంచేత్తో తినడమంటే సిగ్గు. దోసె స్పూనుతో తెగదు, ఒక చేత్తో చింపడం రాదు. మెనూ చూస్తూ, నాకు పెరుగన్నం చాలని చెప్పాను. ఆ సెక్షన్ చూసే పెద్దాయన, యాభై దాటి ఉంటాయి, మా వాళ్ళంతా బాబాయ్ అంటాం, నా కట్టు వైపు ఒకసారి చూశాడు. "దోసె తినండమ్మా, ఇవాళ పెనం బాగుంది" అన్నాడు. తీసుకొచ్చేటప్పటికి దోసె వంటగదిలోనే రెండంగుళాల ముక్కలు చేసి ఉంది, స్పూను ప్లేటుకి ఎడమవైపు పెట్టి ఉంది. చట్నీ గిన్నె కూడా ఎడమవైపే. ఏమీ అనకుండా పక్క టేబుల్‌కి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారాలు ఏ టేబుల్ దగ్గర కూర్చున్నా అలాగే వచ్చింది, బాబాయ్ సెలవు పెట్టిన రోజు కూడా. అంటే లోపల ఎవరికో చెప్పి ఉంచాడు.

మా అత్తగారు కూడా రెండో ఆదివారం నుంచి వచ్చింది. ఎవరూ బతిమాలలేదు, తనే చీర మార్చుకుని వరండాలో కూర్చుంది. ఆవిడకి పైనున్న ఏసీ హాలు కుదరదు, పద్దెనిమిది మెట్లు, పట్టుకోవడానికి ఒకవైపే పైపు. కింద గోడవారన ఉన్న టేబుల్ మీద ఫ్యాను గాలి రాదు, వాష్ బేసిన్ పక్కనే. పెద్దవాళ్ళతో వెళ్తే వీధి వైపు రెండో టేబుల్ అడగండి. పైన ప్రతి ఐటెమ్‌కి పదిహేను రూపాయలు ఎక్కువ. అది జీఎస్టీ అనుకుంటారు కొందరు, కాదు. 2017 నవంబరు నుంచి ఇలాంటి హోటళ్ళలో ఏసీ ఉన్నా లేకపోయినా 5 శాతమే. ఆ పదిహేనూ వాళ్ళ చల్లగాలి ధర. బోర్డు మీద రాసి పెట్టారు కాబట్టి మోసమని అనను. కూర్చోగానే అడక్కుండా నీళ్ళ సీసా మూత తిప్పబోతారు, మామూలు నీళ్ళు చాలని ముందే చెప్పేయండి. సర్వీస్ చార్జీ వెయ్యరు.

మా అబ్బాయి పనీర్ బటర్ మసాలా తప్ప ఇంకోటి చెప్పడు. నాన్‌తో కలిపి 290. పనీర్, మష్రూమ్, మిక్స్‌డ్ వెజ్, మూడూ వేరువేరు రోజుల్లో రుచి చూశాను, మూడింటికీ తల్లి గ్రేవీ ఒకటే. జీడిపప్పు, టమాటా, పంచదార. దాని గురించి ఇంతకంటే రాయను.

ఆదివారం రాత్రి ఎనిమిది దాటితే 40 నిమిషాలు నిలబడాలి. పేరు రాసుకునే పుస్తకం ఉంటుంది గానీ, ఎవరి పేరు ఎప్పుడు పిలుస్తారో ఆ పుస్తకానికి సంబంధం లేదు. ఏడింటికి వెళ్తే చాలు. బండి పెట్టుకునే చోటు లేదు, అడ్డరోడ్డులో పెట్టి నడవాలి. 

కట్టు విప్పి రెండు నెలలైంది. ఇప్పుడు మళ్ళీ నెలకోసారే వెళ్తున్నాం. అల్లం పచ్చడికి చింతపండు ఉడకబెడుతున్నాను. కౌంటరబ్బాయి చిల్లర చేతికే ఇస్తున్నాడు. ఒక్కటే మిగిలింది. మా క్యారియర్ మూడో గిన్నె మూత వాళ్ళ వంటగదిలోనే ఉండిపోయింది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ వేరే మూత ఇచ్చారు, ఏదీ పట్టలేదు. మీరు అక్కడ పార్సిల్ తెచ్చుకున్నప్పుడు మీ గిన్నె మీద 1994 అని చుక్కల అక్షరాలున్న మూత వస్తే, దయచేసి బాబాయ్ చేతికివ్వండి. కౌంటర్లో ఇవ్వకండి.